బాలుర హైస్కూల్లో పాటల బృందం: గొంతుల పరీక్ష నుంచి కళా ఉత్సవ్ దాకా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

జూన్‌లో బడులు తెరిచాక "పంద్రాగస్టుకి పిల్లలతో పాట పాడించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అనే ప్రశ్న ఏటా వస్తుంది. అడిగేవాళ్లు ఎక్కువగా తెలుగు సార్లు, పీఈటీలు, ఏదో కొంచెం పాడతారని తెలిసి హెచ్‌ఎం గారు బాధ్యత అప్పజెప్పిన సోషల్ సార్లు. ఈ గైడ్ వాళ్ల కోసం. ఆరు నుంచి పదో తరగతి దాకా ఉన్న జెడ్పీ బాలుర ఉన్నత పాఠశాల, మ్యూజిక్ టీచర్ పోస్టు లేదు, ఉన్నది ఒక పాత హార్మోనియం, అది కూడా బీరువా పైన ఉంది అనుకుని రాశాను. గురుకులంలో సంగీతం టీచర్ ఉంటే మీ పని సగం తేలిక, అయినా రెండో, మూడో మెట్లు మాత్రం వదలకండి.

ఎందుకంటే బాలుర బడిలో సంగీతం దెబ్బతినేది డబ్బు దగ్గరో టైమ్ దగ్గరో కంటే ముందు గొంతు మారే దగ్గర. ఏడో తరగతిలో బాగా పాడిన పిల్లాడు తొమ్మిదికి వచ్చేసరికి "సార్, నా గొంతు పోయింది" అని తప్పుకుంటాడు, మనం కూడా సరే అనేస్తాం. ఆడపిల్లలు కూడా ఉన్న బడిలో పాట వాళ్లు లాక్కెళ్లిపోతారు కాబట్టి ఇది పెద్దగా కనబడదు. అందరూ మగపిల్లలే ఉన్నచోట ప్రతి ఏడూ బృందం సగం ఖాళీ అవుతుంది, మళ్లీ ఆరో తరగతితో అ ఆల నుంచి మొదలు.

1. మొదటి వారం: టైమ్, చోటు, అనుమతి

పాట గురించి ఆలోచించకముందే హెచ్‌ఎం గారితో కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. వారానికి రెండు పీరియడ్లు కచ్చితంగా మీవి కావాలి. "ఖాళీ దొరికినప్పుడు చూద్దాం" అంటే దొరకదు. 6-8 తరగతులకు జాతీయ విద్యా విధానం 2020 చెప్పిన పది బ్యాగ్‌లెస్ రోజుల్లో ఒకటి రెండు సంగీతానికి అడగండి, చాలామంది అడగరు.

మధ్యాహ్న భోజనం అయిన వెంటనే పీరియడ్ ఇస్తే వద్దనండి. నిండు కడుపుతో పాట రాదు, నిద్ర వస్తుంది. ప్రార్థన తర్వాత మొదటి పీరియడ్ కానీ సాయంత్రం చివరి పీరియడ్ కానీ మంచిది. పదో తరగతి వాళ్లకు సాయంత్రం స్టడీ అవర్స్ ఉంటాయి, వాళ్లను డిసెంబర్ తర్వాత లెక్కలోకి తీసుకోకండి.

గది విషయానికి వస్తే, రేకుల షెడ్డు వద్దు. వానాకాలంలో రేకుల మీద చప్పుడుకి శ్రుతి వినబడదు. లైబ్రరీ గదో సైన్స్ ల్యాబో అడగండి.

☐ వారానికి రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్‌లో రాయించారా
☐ గది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తేలిందా
☐ తల్లిదండ్రులకు ఒక్క కాగితం పంపారా (పిల్లాడు సాయంత్రం 30 నిమిషాలు ఆలస్యంగా వస్తాడని)

2. గొంతుల పరీక్ష: ఎవరు బాగా పాడతారో చూడటానికి కాదు

ఇక్కడ నిదానంగా చేయండి, ఒక్కో పిల్లాడికి రెండు నిమిషాలు చాలు. కావాల్సింది ఫోన్‌లో ఒక శ్రుతి పెట్టె యాప్ (పాటకి ఆధారమైన స్వరాన్ని ఆగకుండా మోగించేది), ఒక నోటుబుక్కు.

ఐదున్నర శ్రుతి (కీబోర్డు మీద G#) పెట్టి "స" అందుకోమనండి. హాయిగా అందుకుని పైకి "ప" దాకా, ఇంకా పై షడ్జం (పై "స") దాకా వెళ్లాడంటే వాడి గొంతు ఇంకా మారలేదు. అందుకోలేక అరుస్తున్నాడో, లేక కింద స్థాయిలో గొణుగుతున్నాడో అయితే శ్రుతిని ఒకటిన్నరకి (C#) దించి మళ్లీ అడగండి. నిబ్బరంగా పాడితే గొంతు మారిపోయింది. రెండు చోట్లా ఇబ్బంది పడుతూ, మధ్యలో కీచుమని జారిపోతుంటే మారుతోందని అర్థం.

మూడు గుంపులు రాసుకోండి:

అ గుంపు: మారని గొంతు. ఎక్కువగా ఆరు, ఏడు తరగతులు.
ఆ గుంపు: మారుతున్న గొంతు. ఏడు చివర నుంచి తొమ్మిది దాకా ఎక్కడైనా. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరిలో ఒకడు అ, ఒకడు ఇ కావచ్చు, తరగతిని బట్టి ఊహించకండి.
ఇ గుంపు: మారిన గొంతు. శ్రుతి ఒకటి నుంచి రెండు (C నుంచి D) మధ్యలో.

ఈ పరీక్ష జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఇంకోసారి. ఈ వయసులో నాలుగు నెలలంటే చాలా తేడా.

పరీక్ష ఎప్పుడూ ఒక్కొక్కరినే పిలిచి చేయండి. కీచుమన్నప్పుడు పక్కవాళ్లు నవ్వితే ఆ పిల్లాడు మళ్లీ పదో తరగతి అయ్యేదాకా నోరు తెరవడు. బాలుర బడిలో ఈ వెక్కిరింతలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

3. గొంతు మారుతున్న పిల్లలను ఏం చేయాలి

ముందు వాడికి విషయం చెప్పండి. కంఠంలోని స్వరపేటిక పెరుగుతోంది, స్వరతంత్రులు పొడవు అవుతున్నాయి, మందం అవుతున్నాయి, అందుకే గొంతు దాదాపు ఒక స్థాయి ("స" నుంచి పై "స" దాకా ఉన్నంత) కిందికి దిగుతుంది, దిగాక కుదురుకుంటుంది. కొందరికి కొన్ని నెలల్లో అయిపోతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఇది రోగం కాదని తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

పాడటం ఆపించకండి. పాత పెద్దలు కొందరు "గొంతు మారేటప్పుడు అసలు పాడకూడదు" అంటారు. లాగి, అరిచి, పై స్వరాలు పట్టించడం తప్పు. అందే ఐదారు స్వరాల్లో మెల్లగా పాడితే ఏ ఇబ్బందీ లేదు. ఆ గుంపుకి నేను ఇచ్చే పనులు ఇవీ:

- పల్లవిలో స నుంచి మ దాకా ఉన్న పంక్తులు మాత్రమే పాడటం, చరణంలో పైకి వెళ్లేచోట ఆగిపోవడం
- తాళం బాధ్యత. ఆది తాళం అయితే దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ విసురు, దెబ్బ విసురు. అందరికంటే బాగా తాళం పట్టేది వీళ్లే అయ్యేలా చూడండి
- డప్పు, డోలక్, కంజీర, చిడతలు నేర్చుకోవడం
- స్టేజీ మీద శ్రుతి, మైకు చూసుకోవడం

ఇలా చేస్తే తొమ్మిదిలో కొత్త గొంతు కుదిరేసరికి తాళజ్ఞానం ఉన్న ఒక మగగొంతు మీ చేతికి వస్తుంది. లేదంటే ఆ పిల్లాడు ఈపాటికి క్రికెట్ టీమ్‌లో ఉంటాడు.

ఒక జాగ్రత్త. బొంగురు మూడు నాలుగు వారాలు ఏమాత్రం తగ్గకుండా ఉన్నా, మింగేటప్పుడు నొప్పి ఉన్నా అది గొంతు మారడం అనుకుని ఊరుకోకండి, ఈఎన్‌టీ డాక్టరుకి చూపించమని ఇంట్లో చెప్పండి. కబడ్డీ మ్యాచ్ మర్నాడు వచ్చే బొంగురు వేరు, దానికి మందు ఒక రోజు మౌనం, మంచినీళ్లు.

4. బడి ప్రార్థన శ్రుతి సరిచేయండి

పదో తరగతి కుర్రాళ్లు ప్రార్థనలో పెదవులు కూడా కదపరని టీచర్లు తిడుతుంటారు. ఒకసారి శ్రుతి చూడండి. చాలా బడుల్లో ముందు నిలబడి పాడేది ఆరో తరగతి పిల్లలు, వాళ్లకు హాయిగా ఉన్న ఐదో ఐదున్నరో శ్రుతిలో ఎత్తుకుంటారు. మారిన గొంతుకి అది పైన అందదు, కిందికి దిగితే వినబడదు. అరవడమో మానేయడమో తప్ప వాళ్లకు దారి లేదు.

షడ్జాన్ని ఒకటి లేదా ఒకటిన్నర దగ్గర పెట్టండి. చిన్నవాళ్లు పై స్థాయిలో, పెద్దవాళ్లు కింద స్థాయిలో, అదే పాట ఒకేసారి పాడతారు. పాట ఒక స్థాయిని పెద్దగా దాటనంత వరకు ఇది అందరికీ సరిపోతుంది. జాతీయ గీతమే చూడండి, మంద్ర నిషాదం (కింది "ని") నుంచి తార షడ్జం (పై "స") దాకా, అంతే. ఒకటి శ్రుతిలో ఎత్తుకుంటే బడి మొత్తం పాడగలదు. పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు పట్టాలి, మీ బడిలో ఎంత పడుతుందో ఫోన్‌లో కొలిచి చూడండి, ఎక్కువ చోట్ల సాగదీస్తారు.

ఎత్తుకునేవాడు ప్రతిరోజూ ఊహించి ఎత్తుకోకూడదు. ముందు శ్రుతి ఐదు సెకన్లు మైకులో వినిపించాలి, తర్వాతే పాట. మిగతా మార్పులేవీ చేయలేకపోయినా ఈ ఒక్కటి చేయండి, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

5. వాయిద్యాలు: కొనే వరుస

డబ్బు ఎంత ఉందన్నది కాకుండా ఏది ముందు అన్నది చెబుతాను.

మొదట శ్రుతి యాప్, దానికి ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు. తర్వాత తాళాలు, చిడతలు, కంజీర. ఆ తర్వాత డప్పులు. చివరికి కీబోర్డు, 61 కీలది చాలు, ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే) బటన్ ఉండాలి. బీరువా మీద హార్మోనియం ఉంటే దింపి తిత్తి, రీడ్లు బాగు చేయించండి, పారేయకండి. అయితే పాట పొడుగునా హార్మోనియం వాయిస్తూ నేర్పితే పిల్లలు దాని చప్పుడు వెనకాల దాక్కుంటారు, అది ఆగగానే శ్రుతి పోతుంది. స్వరం చూపించడానికి వాడి, పాడేటప్పుడు ఆపేయండి.

మృదంగం, తబలా కొనేటప్పుడు ఏ శ్రుతికో చెప్పి కొనాలి. ఐదున్నరకి చేసిన మృదంగం ఒకటిన్నరకి పనికిరాదు. వేణువూ అంతే, ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు. దాతలు కొనిస్తామంటే సంతోషమే, శ్రుతి మాత్రం మీరు రాసివ్వండి.

తోలు డప్పు వానాకాలంలో మెత్తబడిపోతుంది, వాయించే ముందు మంట సెగ చూపించాలి. ఆగస్టు 15 పొద్దున్న ఎనిమిదింటికి మంట ఎక్కడ వేయాలో, అగ్గిపెట్టె ఎవరు తేవాలో ముందురోజే అనుకోండి, లేదా ఫైబర్ డప్పు వాడండి. నాదం తోలుదే బాగుంటుంది, నా ఓటు దానికే. కంజీర అందుకు విరుద్ధం, చర్మం లోపలివైపు కొంచెం నీళ్లు రాసి శ్రుతి దించుతారు.

6. నేర్పే మనిషిని ఊళ్లోనే వెతకండి

మీకు సంగీతం రాకపోయినా నడుస్తుంది. వచ్చినవాళ్లు ఊళ్లో ఉంటారు: రామాలయం భజన బృందంలో హార్మోనియం వాయించే ఆయన, చర్చిలో కీబోర్డు అబ్బాయి, డప్పు కళాకారులు. రాయలసీమలో చెక్కభజన గురువులు, ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు, తెలంగాణలో ఒగ్గుడోలు. ఈ కళలు బాలుర బడికి సరిగ్గా సరిపోతాయి, పాటతోపాటు అడుగు కూడా ఉంటుంది, ఒళ్లు అలుస్తుంది. "పాటలు మాకెందుకు సార్" అనే కుర్రాడు చెక్కలు చేతికిస్తే ముందు వరసలో ఉంటాడు.

దగ్గర్లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంటే వెళ్లి అడగండి. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్నది, హైదరాబాద్ రాంకోటిలో త్యాగరాజ కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల, తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. అక్కడ చదివేవాళ్లలో ఎవరైనా వారానికి ఒకరోజు రావడానికి ఒప్పుకోవచ్చు.

పిలిచిన మనిషికి దారి ఖర్చులు, ఒక చిన్న గౌరవ వేతనం తప్పకుండా ఇవ్వండి. శాలువా కప్పి పంపించేస్తే రెండోసారి రారు, రాకపోతే తప్పు వాళ్లది కాదు. పూర్వ విద్యార్థుల సంఘాన్ని అడగాల్సింది దీనికోసమే, స్టేజీ డెకరేషన్‌కి కాదు. బయటివాళ్లు వచ్చినప్పుడు బడి టీచర్ ఒకరు ఎప్పుడూ గదిలో ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు.

7. 40 నిమిషాల పీరియడ్ ఎలా నడపాలి

- 5 నిమిషాలు: నిలబడి శ్రుతి వినడం, నోరు మూసుకుని "మ్" అంటూ షడ్జం పట్టడం
- 10 నిమిషాలు: మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (స రి గ మ వరుసల తొలి సాధన). మొదటి కాలం (నెమ్మది వేగం) బాగా వచ్చాకే రెండో కాలం (దానికి రెట్టింపు). ఇ గుంపు కింద స్థాయిలో
- 5 నిమిషాలు: తాళం మాత్రమే, పాట లేకుండా
- 15 నిమిషాలు: పాట, రోజుకి రెండు మూడు పంక్తులే
- 5 నిమిషాలు: ఎవరైనా ఒక్కడు తనకిష్టమైన పాట పాడుకోవడం. సినిమా పాటైనా సరే

ఆ చివరి ఐదు నిమిషాలు తీసేయకండి, పిల్లలు వచ్చేది దానికోసమే.

పాట నేర్పేటప్పుడు యూట్యూబ్‌లో పెట్టి "వినండి, పాడండి" అనకండి. ఆ గాయకుడి శ్రుతి వేరు, మీ పిల్లల శ్రుతి వేరు, అనుకరించబోయి గొంతు పాడుచేసుకుంటారు. మీరో, వచ్చిన గురువో పాడి చూపించాలి. మాటలు ముందు చదివించండి, ఒత్తులు, మహాప్రాణాలు సరిచేయండి. "భారత"ని "బారత" అంటే స్టేజీ మీద ఎంత శ్రుతిలో ఉన్నా వినబడేది ఆ తప్పే.

8. స్టేజీ, మైకు

నెలల సాధన పది నిమిషాల్లో పాడయ్యేది ఇక్కడే, కాబట్టి ముందురోజు మైక్ సెట్ అన్నతో మాట్లాడండి.

మొదటి మాట: ఎకో తగ్గించమనండి. మన దగ్గర మైక్ సెట్‌వాళ్లు ఎకో పెంచితేనే పాట బాగుందనుకుంటారు. బృందగానంలో దానివల్ల ఒక్క మాటా అర్థం కాదు.

స్పీకర్లు పిల్లలకు ముందుండాలి, ముఖం జనం వైపు. స్పీకరు పిల్లల వెనక ఉండి మైకులోకి మోగితే కూ అని అరుస్తుంది, అప్పుడు సౌండ్ తగ్గించడం కంటే స్పీకరు జరపడం సరైన పని.

ఎనిమిది మందికి స్టాండు మీద రెండు మైకులు, పిల్లలు అర్ధచంద్రాకారంలో, మైకుకి రెండడుగుల దూరం. ఒక్క మైకు చేతుల్లో మార్చుకుంటూ పాడటం పెట్టకండి. ఒంటరిగా పాడేవాడికి మైకు నోటికి బెత్తెడు దూరంలో. గాలి వీచే మైదానంలో మైకుకి స్పాంజి తొడుగు అడగండి.

శ్రుతి ఉన్న ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పల్లవి మధ్యలో లోన్ కావాలా అని ఫోన్ రావడం చాలా బడుల్లో జరిగిన కథే.

☐ ఫోన్ ఛార్జింగ్, ఫ్లైట్ మోడ్, స్పీకరుకి వైరు (బ్లూటూత్‌ని నమ్మకండి)
☐ వాయిద్యాలు నీడలో, ఎండకి మృదంగం శ్రుతి మారుతుంది
☐ పిల్లలకు నీళ్లు, తేలికైన టిఫిన్. అతిథుల ప్రసంగాలు ఎంతసేపో చెప్పలేం
☐ పాట మొదలుపెట్టేవాడు ఒకడు, వాడికి రాకపోతే ఇంకొకడు
☐ పాట కాగితం ఒక్కటే, మీ చేతిలో. పిల్లల చేతుల్లో వద్దు

9. వేదికలు: చిన్నవి ముందు

నేరుగా జిల్లా పోటీకి తీసుకెళితే పిల్లలు బిగుసుకుపోతారు. వరుస ఇలా ఉంటే బాగుంటుంది: బడి ప్రార్థన, ఆగస్టు 15, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం (తెలంగాణలో అయితే సెప్టెంబర్ 9 కూడా), వినాయక చవితి పందిట్లో ఒక సాయంత్రం, నవంబర్ 14, ధనుర్మాసంలో ఊరి భజన, జనవరి 26. పుష్య బహుళ పంచమికి చాలా ఊళ్లలో త్యాగరాజ ఆరాధన చేస్తారు, కొంచెం శాస్త్రీయం వచ్చిన పిల్లలను గోష్ఠిగానంలో (అందరూ కలిసి పాడేచోట) వెనక వరసలో కూర్చోబెట్టండి, పక్కన పెద్దవాళ్లు పాడుతుంటే నేర్చుకున్నది క్లాసులో రాదు.

తర్వాత బయటివి:

కళా ఉత్సవ్. 2015 నుంచి కేంద్ర విద్యాశాఖ నడుపుతున్న కళల పోటీ, 9 నుంచి 12 తరగతుల వాళ్లకు. జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి. గాత్రం, వాయిద్యం రెండూ ఉంటాయి, సినిమా పాటలు పనికిరావు. విభాగాలు, నిమిషాలు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి పోయినేటి కాగితం చూసి సిద్ధం కాకండి, ఆ ఏటి సర్క్యులర్ ఎంఈఓ ఆఫీసులో తీసుకోండి. జానపద గాత్రంలో మీ ప్రాంతపు పాట తీసుకెళ్లడం మేలు, అందరూ పాడే నాలుగు పాటల్లో ఒకటి కాకుండా.

జాతీయ పాఠశాల బ్యాండ్ పోటీ. గణతంత్ర దినోత్సవాల్లో భాగంగా జరుగుతుంది, బాలురకు బ్రాస్ బ్యాండ్, పైప్ బ్యాండ్ విభాగాలు విడిగా ఉన్నాయి. దీనికి ఖర్చు, ఏళ్ల సాధన రెండూ కావాలి. ఇప్పటికే బ్యాండ్ ఉన్న బడులకే చెబుతున్నాను.

సీసీఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) స్కాలర్‌షిప్. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, కళ నేర్చుకుంటున్నందుకు ఇచ్చేది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, తొమ్మిదో తరగతిలో గుర్తు రావడం. అప్పటికి చాలామందికి వయసు దాటిపోతుంది. ఆరు, ఏడు తరగతుల్లోనే దరఖాస్తు పెట్టించండి. గొంతు మారకముందే అన్నది ఇంకో లాభం, గాత్రం పిల్లాడు పరీక్షలో నిబ్బరంగా పాడతాడు.

ఏ పోటీకైనా ఒక ఫైలు ముందే తయారుగా ఉండాలి:

☐ బోనఫైడ్, ఆధార్ జిరాక్సు, నాలుగు ఫొటోలు
☐ తల్లిదండ్రుల అనుమతి పత్రం సంతకంతో
☐ పాట సాహిత్యం, రాగం, తాళం, గురువు పేరు టైపు చేసిన కాగితం
☐ పిల్లాడి ఇప్పటి శ్రుతి. జూన్‌లో రాసింది కాకుండా, వెళ్లే వారంలో చూసింది

10. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

*పాట మధ్యలో శ్రుతి కిందికి జారుతోంది.* చాలాసార్లు కారణం ఊపిరి. పంక్తి మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కాగితం మీద గీత పెట్టి అందరికీ ఒకే చోట నేర్పండి. అయినా జారితే శ్రుతి అర మెట్టు దించి చూడండి.

*వేగం పెరిగిపోతోంది.* డప్పు చేతికొచ్చిన పిల్లల జబ్బు ఇది. వారం రోజులు డప్పు తీసేసి చేతి తాళంతో పాడించండి.

*ఒక్కడే బాగా పాడతాడు, ప్రతి వేదికా వాడికే.* వాడికి రేపు గొంతు మారితే మీ దగ్గర ఎవరూ ఉండరు. ప్రతి పాటకి ఇద్దరు, ఒకడు అ గుంపు, ఒకడు ఇ గుంపు.

*కరోకే ట్రాక్ పెట్టి పాడిస్తే సులువు కదా.* ట్రాక్ శ్రుతి మీ పిల్లలకు సరిపడదు, కరెంటు పోతే పాట పోతుంది, కళా ఉత్సవ్ లాంటి చోట రికార్డింగ్ ఒప్పుకోరు. వార్షికోత్సవంలో ఒకసారి సరదాకి సరే.

*ఇంట్లో "పాటలు కూడు పెడతాయా" అంటున్నారు.* వాదించకండి. జనవరి 26న వాళ్ల నాన్నగారిని ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. మార్కులు తగ్గుతున్నాయేమో మీరే క్లాస్ టీచర్‌ని అడిగి తెలుసుకోండి, తగ్గితే నెల రోజులు పీరియడ్ ఒకటికి తగ్గించండి.

*పదో తరగతి వాళ్లు వెళ్లిపోతే బృందం కూలిపోతోంది.* డిసెంబర్ నుంచే డప్పులు, తాళాలు, శ్రుతి ఫోన్ బాధ్యత ఎనిమిదో తరగతి వాళ్లకు అప్పజెప్పించండి, పదో తరగతి వాడే పక్కన కూర్చుని నేర్పాలి. వెళ్లిపోయే వాళ్లలో ఇష్టం ఉన్నవాళ్లకు సంగీత కళాశాల సాయంత్రం క్లాసుల గురించి ఫిబ్రవరిలోనే చెప్పండి. ఇంటర్‌లో చేరి హాస్టల్‌కి వెళ్లిపోయాక చెబితే వినే తీరిక ఉండదు.